కలక నీళ్లలో పెద్ద ట్రౌట్: నడుములోతున నిలబడి గాలం వేసేవారికి తరచుగా వచ్చే ప్రశ్నలు

హ్యూస్టన్ చుట్టుపక్కల ఉంటూ వారాంతంలో గాలం సర్దుకుని గాల్వెస్టన్ వైపు బయలుదేరే తెలుగువారి కోసం రాసిన జవాబులివి. ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చోవడం, పడవ మీద తిరగడం వేరే విద్యలు. ఇక్కడున్నదంతా నీళ్లలోకి దిగి, నెమ్మదిగా నడుస్తూ పెద్ద ట్రౌట్‌ను వెతకడం గురించే. నీళ్లు మడ్డిగా ఉన్నాయని కారు వెనక్కి తిప్పేవారిని ఆపడం దీని అసలు ఉద్దేశం.

ట్రౌట్ అంటే కొండ వాగుల్లో ఉండే చేప కదా? సముద్రంలో ఎలా వచ్చింది?

ఇది వేరే చేప. టెక్సాస్‌లో స్పెకిల్డ్ ట్రౌట్ అనీ, పుస్తకాల్లో స్పాటెడ్ సీట్రౌట్ అనీ అంటారు. శాస్త్రీయ నామం సైనోసియన్ నెబ్యులోసస్. కొండల్లోని ట్రౌట్‌తో దీనికి చుట్టరికం లేదు, ఇది క్రోకర్, డ్రమ్ చేపల కుటుంబానికి చెందింది. గోదావరి జిల్లాల్లో వలలో పడితే లక్షలు పలికిందని వార్తలకెక్కే కచిడి చేపదీ ఇదే కుటుంబం. వెండి రంగు ఒళ్లు, వీపు మీదా తోక మీదా నల్లటి గుండ్రటి మచ్చలు, నోరు తెరిస్తే లోపల పసుపు, పై దవడ ముందు భాగంలో కోరలు. ఒక్కసారి చూస్తే మళ్లీ పొరబడరు.

ఎంత పొడవుంటే పెద్ద చేప అనాలి?

25 అంగుళాలు దాటితే ఫోటో తీయించుకోవచ్చు. 28 దాటితే ఊళ్లో చెప్పుకోవచ్చు. 30 అంగుళాల కోసం ఏళ్ల తరబడి తిరిగేవాళ్లున్నారు. టెక్సాస్ రికార్డు చేప 37.25 అంగుళాలు, 15.6 పౌండ్లు. 2002 మేలో బడ్ రోలండ్ అనే ఆయన దక్షిణ టెక్సాస్ తీరంలోని దిగువ లగూనా మాద్రేలో ఫ్లై రాడ్డుతో పట్టాడు. ప్రపంచ రికార్డు 1995లో ఫ్లోరిడాలోని ఫోర్ట్ పియర్స్‌లో పట్టిన 17 పౌండ్ల 7 ఔన్సుల చేప.

ఇంత పెద్దవి దాదాపు అన్నీ ఆడ చేపలే. మగవి ఆ పరిమాణానికి చేరవు. మీ గాలానికి 28 అంగుళాల చేప పడిందంటే అది ఏళ్ల తరబడి గుడ్లు పెట్టిన తల్లి చేప. ఈ సంగతి తర్వాత మళ్లీ అవసరమవుతుంది.

నీళ్లు పాలు ఎక్కువైన టీ రంగులో ఉన్నాయి. ఇవాళ వెళ్లడం దండగ కాదా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. ముందు కలక ఎందుకు వచ్చిందో చూడాలి, ఎందుకంటే కలకలన్నీ ఒకటి కావు.

మొదటిది గాలి కలక. గాల్వెస్టన్ బే విస్తీర్ణం 600 చదరపు మైళ్లు, సగటు లోతు మాత్రం రెండు మీటర్ల చుట్టుపక్కలే. అడుగున మెత్తటి బురద. ఆగ్నేయపు గాలి ఒక పూట గట్టిగా వీస్తే చాలు, అడుగున ఉన్నదంతా పైకి లేస్తుంది. ఈ కలకలో ఉప్పు శాతం మారదు. చేప ఎక్కడికీ పోదు, దానికి చూపు మాత్రం తగ్గుతుంది. గాలి తగ్గితే ఇసుక నేల ఉన్నచోట కొన్ని గంటల్లోనే నీళ్లు తేరుకుంటాయి, బురద నేల మీద ఇంకా ఆలస్యమవుతుంది.

రెండోది వరద కలక. ట్రినిటీ, శాన్ హసింటో నదులు పొంగి బే నిండా మంచినీళ్లు నింపినప్పుడు వచ్చేది. ఇందులో రంగుతో పాటు ఉప్పు కూడా పోతుంది. 2017లో హార్వీ తుపాను తర్వాత గాల్వెస్టన్ బేలో ఆలిచిప్పలు పెద్ద ఎత్తున చచ్చిపోయింది ఈ మంచినీటి వల్లనే. ఇలాంటప్పుడు ట్రౌట్ సముద్రం వైపు, లోతైన ఓడల కాలువ వైపు జరిగిపోతుంది. ఉప్పునీరు బరువు కాబట్టి అడుగున ఉంటుంది, మంచినీరు పైన పొరలా తేలుతుంది. పైన ఎర్రగా కనిపించినా అడుగున చేప ఉండవచ్చు. కానీ ఆ లోతు నడిచేవాడికి అందేది కాదు. వరద కలక నాడు పశ్చిమ బే వైపో, సముద్రానికి దగ్గరి చోటికో మారండి.

మూడోది నాచు కలక. అదే దక్షిణ తీరంలో ఎగువ లగూనా మాద్రే, బాఫిన్ బే ప్రాంతాన్ని 1990లో మొదలైన గోధుమ రంగు సూక్ష్మ నాచు కమ్మేసి, ఏడెనిమిదేళ్లు వదల్లేదు. అడుగు కనిపించే నీళ్లకు అలవాటు పడినవారు ఇక ఆ బే పని అయిపోయిందన్నారు. అదే బాఫిన్ బేలో, ఆ నాచు ఉండగానే, 1996లో జిమ్ వాలెస్ 13 పౌండ్ల 11 ఔన్సుల ట్రౌట్ పట్టి అప్పటి రాష్ట్ర రికార్డును తిరగరాశాడు. కలక నీళ్లలో పెద్ద చేప ఉండదనేవారికి నేను చెప్పే జవాబు ఇంతకంటే లేదు.

ఇక మీ చోట కలక ఎంత ఉందో కొలవడానికి పరికరాలు అక్కర్లేదు. రాడ్డు కొన నీళ్లలోకి దించండి. మూరెడు లోతు వరకు కనిపిస్తే చాలా మంచి నీళ్లు. జానెడు కనిపించినా గాలం వేయండి. బెత్తెడు లోపే మాయమైతే అక్కడే నిలబడకుండా రంగు మారే గీత కోసం వెతకండి. బేలో కలక ఎప్పుడూ ఒకేలా పరుచుకుని ఉండదు. ముదురు నీళ్లూ తేట నీళ్లూ కలిసే చోట గీత గీసినట్టు కనిపిస్తుంది. పెద్ద ట్రౌట్ ముదురు నీళ్ల వైపు పొంచి ఉండి, తేట వైపు తిరిగే చేపపిల్లలను పట్టుకుంటుంది. ఎరను ఆ గీతకు అడ్డంగా ఒక్కసారి దాటించడం కంటే గీత వెంబడే లాగడం మేలు.

పడవ ఉన్నవాళ్లు కూడా దిగి నడుస్తారెందుకు?

చప్పుడు వల్ల. కంటికి ఏమీ కనిపించని నీళ్లలో చేప తన పక్కరేఖతో, అంటే ఒంటికి రెండు పక్కలా ఉండే స్పర్శ గీతతో, కదలికలను పసిగడుతుంది. పడవ పక్కకు అల తగిలిన చప్పుడు, మూత వేసిన చప్పుడు దానికి ముందే తెలిసిపోతాయి. పైగా పెద్ద ట్రౌట్ తరచుగా మోకాలిలోతు, తొడలోతు నీళ్లలోనే తిరుగుతుంది. అక్కడికి పడవ వెళ్తే చేప ఉండదు. నడిచేవాడు ఆ చోటికి చప్పుడు లేకుండా చేరగలడు, చేరాక అరగంట కదలకుండా నిలబడగలడు.

నడిచేవారిలో ఎక్కువమంది చేసే పొరపాటు అతిగా నడవడం. రెండు విసురులు, నాలుగు అడుగులు, మళ్లీ రెండు విసురులు. తేట నీళ్లలో చేప దూరం నుంచి ఎరను చూసి వస్తుంది కాబట్టి అలా చెల్లుతుంది. కలకలో ఎర దాని ముక్కు ముందు నుంచి వెళ్లాలి. అందుకే ఒకే నేలను రకరకాల కోణాల్లో దువ్వాలి.

బే అంతా ఒకేలా కనిపిస్తుంది. ఎక్కడ దిగాలి?

కళ్లతో కాదు, కాళ్లతో చూడాలి. అడుగు వేసినప్పుడు కింద కరకరమంటే ఆలిచిప్ప, గట్టిగా ఉంటే ఇసుక, దిగిపోతే బురద. చలికాలంలో పెద్ద చేపకు కావలసింది బురదలో అక్కడక్కడా ఆలిచిప్ప కలిసిన నేల. నడుస్తుండగా కాలి కింద నేల మారిందంటే ఆగండి. బురద నుంచి చిప్పకు మారినా, తొడలోతు నుంచి నడుములోతుకు దిగినా, ఆ అంచు వెంబడే చేప తిరుగుతుంది. వెళ్లేముందు ఫోనులో ఉపగ్రహ పటం తెరిచి చిప్ప దిబ్బలు, కయ్యలు, అంటే సన్నటి నీటి పాయలు, బేలో కలిసే ముఖాలు గుర్తుపెట్టుకోవడం మంచిది.

తర్వాత మల్లెట్ చేపలు. పెద్ద ట్రౌట్ రొయ్యల మీద బతకదు, దానికి జానెడు మల్లెట్ కావాలి. ఒక మల్లెట్ సరదాగా ఎగిరి పడితే పట్టించుకోవద్దు. నీటి పైపొరలో గుంపంతా బిగుసుకుని, ఒక్కసారిగా పక్కకు చెదిరితే కింద ఎవరో ఉన్నారు. మల్లెట్ జాడే లేని తీరం ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

మూడో గుర్తు నూనె తెట్టె. ట్రౌట్ మేస్తున్నప్పుడు నలిగిన చేపల కొవ్వు పైకి తేలి, పులుసు మీద నూనెలా మెరుస్తుంది. దగ్గరికి వెళితే కోసిన పుచ్చకాయ వాసన వస్తుంది. నమ్మశక్యంగా ఉండదు కానీ నిజంగానే వస్తుంది. పళ్లెమంత తెట్టె అప్పుడే లేచిందని అర్థం, వాకిలంత వెడల్పయితే పాతది. తెట్టె గాలికి కొట్టుకుపోతుంది, కాబట్టి అది కనిపించిన చోట కాక, గాలి వచ్చే దిక్కుకు కొంత ఎగువన ఎర వేయాలి. కొన్ని సముద్రపు జెల్లలు కూడా ఇలాంటి తెట్టె లేపుతాయి, కాబట్టి ప్రతి తెట్టె వెనకా పరుగెత్తనక్కర్లేదు.

కొత్తవారికి గాల్వెస్టన్ ఐలాండ్ స్టేట్ పార్కులో బే వైపు తీరం మంచి మొదలు. కారు దిగి నడిచి వెళ్లగలరు, లోతు నెమ్మదిగా పెరుగుతుంది.

ఏ కాలం మంచిది?

సంఖ్య కావాలంటే శరదృతువు. రొయ్యలు కయ్యల నుంచి బయటికి వచ్చే ఆ రోజుల్లో సముద్రపు కాకుల గుంపుల కింద చిన్న ట్రౌట్ విపరీతంగా దొరుకుతుంది. పెద్ద చేప కావాలంటే జనవరి నుంచి ఏప్రిల్ వరకు.

చలికాలంలో ఉత్తరపు చలిగాలి వచ్చి వెళ్లిన రెండు మూడు రోజుల తర్వాత, ఎండ కాసిన మధ్యాహ్నం నల్లటి బురద నేల ముందుగా వేడెక్కుతుంది. నీటి ఉష్ణోగ్రత 50ల నుంచి 60ల ఫారెన్‌హీట్‌కు చేరే ఆ కొన్ని గంటల్లో పెద్ద ఆడ చేపలు తొడలోతు నీళ్లలోకి వస్తాయి. అందరూ తెల్లవారుజామునే వెళ్లాలనుకుంటారు. జనవరిలో అది చలికి వణకడానికి తప్ప పెద్దగా పనికిరాదు. పొద్దెక్కాక భోంచేసి వెళ్లండి.

గుడ్లు పెట్టే కాలం సుమారుగా ఏప్రిల్‌లో మొదలై సెప్టెంబరు దాకా సాగుతుంది. దానికి ముందు చేప బాగా బరువెక్కి ఉంటుంది. వేసవిలో మాత్రం తెల్లవారకముందే నీళ్లలో ఉండాలి.

ఆటుపోట్ల పట్టిక చూడాలా?

చూడండి, కానీ గాలిని అంతకంటే ఎక్కువగా చూడండి. టెక్సాస్ తీరంలో ఆటుకూ పోటుకూ తేడా ఒకటి రెండు అడుగులే. ఉత్తరపు గాలి గట్టిగా వీస్తే పట్టికలో పోటు అని ఉన్నా బేలో నీళ్లు సముద్రంలోకి తోసుకుపోతాయి. నీరు కదులుతుండడమే ముఖ్యం. నీళ్లు నిలిచిపోయాయంటే మీ తినుబండారాలు తీసే సమయం అనుకోండి.

కలక నీళ్లకు ఏ ఎర, ఏ రంగు?

ముదురు రంగు, పెద్ద ఆకారం, నెమ్మది. ఈ మూడింట్లో నెమ్మదే కష్టం.

పెద్ద ట్రౌట్ కింది నుంచి పైకి చూస్తుంది. కలకలో దానికి రంగు కనిపించదు, వెలుతురుకు అడ్డంగా నీడ కనిపిస్తుంది. అందుకే నలుపు, ముదురు వంగపండు రంగు, తోక మాత్రం చిలకపచ్చ ఉన్న మెత్తటి ప్లాస్టిక్ ఎరలు ఇక్కడివారి పెట్టెల్లో తప్పకుండా ఉంటాయి. తోక వెడల్పుగా ఉండి నీటిని కొట్టేది తీసుకోండి. ఎనిమిదో వంతు ఔన్సు, లేదా ఇంకా తేలికైన జిగ్గు తల, అంటే బరువు గుండు అతికిన గాలం, చాలు. బరువెక్కువైతే బురదలో కూరుకుపోతుంది.

చలికాలానికి హ్యూస్టన్‌కు చెందిన పాల్ బ్రౌన్ తయారుచేసిన కార్కీ అనే ఎరకు సాటి లేదని నా అభిప్రాయం. మెత్తగా ఉంటుంది, లోపల తీగ ఉంటుంది, దాన్ని వంచి ఎర తీరు మార్చుకోవచ్చు. దాదాపు మునగకుండానే మునుగుతుంది. విసరండి, ఊపిరి పీల్చుకోండి, రెండుసార్లు చిన్నగా కుదపండి, మళ్లీ ఆగండి. విసుగు పుట్టేంత నెమ్మదిగా లాగుతున్నానని అనిపిస్తే, ఇంకా కొంచెం నెమ్మదించండి. కొరుకు దెబ్బలా తగలదు. దారం కాస్త బరువెక్కినట్టు మాత్రమే అనిపిస్తుంది.

నీళ్లు 60 ఫారెన్‌హీట్ దాటాక పైపొర మీద అటూ ఇటూ నడిచే ఎరలు పనిచేస్తాయి. సూపర్ స్పూక్ లాంటివి. లోపల ఒకే పెద్ద గుండు ఉండి బొంగురుగా చప్పుడు చేసేది కలకకు మంచిది. చేప ఎగిరి కొట్టగానే లాగకండి, బరువు తగిలేదాకా ఆగండి. చెప్పడం తేలికే.

బతికున్న ఎర వాడకూడదా?

చట్టం ఒప్పుకుంటుంది. వేసవిలో బతికున్న క్రోకర్ పిల్ల కనిపిస్తే ట్రౌట్ ఆగలేకపోతుంది. కానీ చేప గాలాన్ని గొంతు దాకా మింగేస్తుంది. వదిలేయాలనుకున్న పెద్ద చేప బతకడం కష్టమవుతుంది. నేను వాడను.

రాడ్డు, రీలు?

ఏడడుగుల మధ్యస్థ తేలిక రాడ్డు, 2500 లేదా 3000 సైజు స్పిన్నింగ్ రీలు, 10 నుంచి 15 పౌండ్ల అల్లిక దారం, చివర ఎరకు కట్టే మూడడుగుల 20 పౌండ్ల గట్టి దారం, అంటే లీడర్. రీలులో దారం బిగువును అదుపు చేసే డ్రాగ్ వదులుగా ఉంచండి. ఈ చేప నోరు చాలా సున్నితం, బిగించి లాగితే చిరిగి గాలం ఊడిపోతుంది. ఉప్పునీళ్లకు రీలు త్వరగా పాడవుతుంది కాబట్టి ఇంటికి రాగానే మంచినీళ్లతో కడగండి. డబ్బు మిగిల్చి మంచి బూట్లు కొనుక్కోండి.

టేకు చేప కుడుతుందని భయం. ఏం చేయాలి?

భయం న్యాయమైనదే. స్టింగ్‌రేలు, అంటే మన తీరంలో టేకు చేపలు, మెత్తటి నేలలో ఒంటి మీద ఇసుక కప్పుకుని పడుకుంటాయి. కలకలో కనిపించవు. మీద కాలు పడితేనే కుడతాయి, కాబట్టి కాలు ఎత్తి వేయవద్దు. నేల మీద ఈడుస్తూ నడవండి. కాలి అంచు తగలగానే అది లేచి పోతుంది. వెనక్కి నడవవద్దు, చేపతో ఫోటో దిగే ఉత్సాహంలోనైనా సరే. స్టింగ్‌రే రక్షణ ఉన్న బూట్లు, పిక్క కవచాలు దొరుకుతాయి.

కుట్టిందంటే వెంటనే ఒడ్డుకు రండి. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, 110 నుంచి 115 ఫారెన్‌హీట్ వరకు, కాలు పెట్టి ఉంచితే నొప్పి తగ్గుతుంది. అరగంట నుంచి గంటన్నర పట్టవచ్చు. బొబ్బలెక్కేంత వేడి వద్దు. తర్వాత తప్పకుండా డాక్టరును చూడాలి, ముల్లు ముక్క లోపల మిగిలిపోతుంటుంది. పొట్టలోనో ఛాతీలోనో గుచ్చుకుంటే ముల్లు పీకకుండా 911కు ఫోన్ చేయండి.

ఇంకేం ప్రమాదాలున్నాయి?

నా లెక్కలో టేకు చేప కంటే పెద్దది విబ్రియో వల్నిఫికస్ అనే బాక్టీరియా. గోరువెచ్చని ఉప్పునీళ్లలో సహజంగానే ఉంటుంది, వేసవిలో ఎక్కువ. చిన్న గాయం ద్వారా లోపలికి వెళ్తుంది. ఇది సోకినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరు చనిపోతారని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. కాలేయ వ్యాధి, మధుమేహం ఉన్నవారికి ముప్పు ఎక్కువ. మనవాళ్లలో షుగరు లేని ఇల్లు అరుదు కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. మానని గాయంతో నీళ్లలోకి దిగవద్దు. ఆలిచిప్ప కోసుకుంటే వెంటనే మంచినీళ్లతో, సబ్బుతో కడగండి. ఆ చోట ఎర్రబడి, వాచి, గంటగంటకూ పెరుగుతుంటే తెల్లవారేదాకా చూద్దాం అనుకోకుండా అత్యవసర విభాగానికి వెళ్లి, సముద్రపు నీళ్లలో గాయమైందని చెప్పండి.

బురదలో మోకాలి దాకా కూరుకుంటే ముందుకు పోవద్దు. వచ్చిన దారినే వెనక్కి తిరగండి. ఓడల కాలువ దగ్గరి తీరాల్లో పెద్ద ఓడ వెళ్లిన కొద్దిసేపటికి నీరు వెనక్కి తగ్గి, ఒక్కసారిగా అల లేస్తుంది. ఓడ కనిపిస్తే లోతు తక్కువ చోటికి రండి. గాల్వెస్టన్ ద్వీపం పడమటి కొసన ఉన్న శాన్ లూయిస్ పాస్‌లో నడవవద్దు. అక్కడి ప్రవాహం చాలామంది ప్రాణాలు తీసింది. చేపలను తాడుకు గుచ్చి నడుముకు కట్టుకునేవారు ఆ తాడు పొడవుగా ఉంచుకోవాలి, రక్తం వాసనకు సొర చేపలు వస్తాయి. ఉరుము వినిపిస్తే చేతిలో పొడవాటి రాడ్డు పట్టుకుని నీళ్లలో నిలబడి ఉన్నది మీరేనని గుర్తుంచుకోండి.

ఈత రాదు. దిగవచ్చా?

లైఫ్ జాకెట్ లేకుండా వద్దు. వచ్చినవారూ వేసుకోవాలి. చలికాలంలో వేడర్లు, అంటే నీళ్లు చొరని పొడవాటి ప్యాంట్లు, తొడిగితే నడుము బెల్టు బిగించండి, పడినప్పుడు నీళ్లు లోపలికి నిండకుండా ఆపేది అదే. ఒంటరిగా వెళ్లవద్దు.

లైసెన్సు సంగతేమిటి? ఇండియా నుంచి వచ్చిన నాన్నగారికీ కావాలా?

కావాలి. 17 ఏళ్లలోపు పిల్లలకు అక్కర్లేదు. పెద్దవారు ఊరికే రాడ్డు పట్టుకుని నిలబడ్డా గాలం వేస్తున్నట్టే లెక్క. మీకు ఉప్పునీటి అనుమతి ఉన్న లైసెన్సు, నాన్నగారికి నాన్‌రెసిడెంట్ లైసెన్సు. ఒక్కరోజుకు కూడా ఇస్తారు. టెక్సాస్‌లో వరసగా ఆరు నెలలకు పైగా ఉన్నవారు రెసిడెంట్ కింద తీసుకోవచ్చు. లైసెన్సు సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి ఆగస్టు 31 వరకు.

2021 ఫిబ్రవరిలో వచ్చిన గడ్డకట్టే చలికి టెక్సాస్ తీరంలో కనీసం 38 లక్షల చేపలు చచ్చిపోయాయని రాష్ట్ర పార్కులు, వన్యప్రాణి విభాగం లెక్కగట్టింది. ట్రౌట్‌కు తగిలిన దెబ్బ తర్వాత నియమాలు బిగిశాయి. 2024లో రోజువారీ పరిమితి ఐదు నుంచి మూడుకు తగ్గింది. ఉంచుకునేవి 15 నుంచి 20 అంగుళాల మధ్య ఉండాలి. 28 అంగుళాలు దాటినది లైసెన్సు సంవత్సరంలో ఒక్కటి, అదీ ట్యాగు కడితేనే. 20కీ 28కీ మధ్య ఉన్నవి ఎంత ముద్దొచ్చినా నీళ్లలోకే. ప్రతి సెప్టెంబరులోనూ కొత్త నియమాలు చూసుకోండి. పట్టిన ట్రౌట్‌ను అమ్మడానికి వీల్లేదు, 1981 నుంచీ నిషేధం.

తినడానికి బాగుంటుందా? పులుసు పెట్టవచ్చా?

15, 16 అంగుళాల చేప చాలా రుచి. కండ మెత్తన కాబట్టి పులుసులో గరిటె పెడితే ముక్క విడిపోతుంది, వేపుడుకే సరి. పట్టగానే ఐసులో పెట్టాలి. ముక్కల్లో తెల్లటి దారంలాంటి పురుగులు కనిపించవచ్చు, పెద్ద చేపల్లో మరీ ఎక్కువ. ఉడికిస్తే మనిషికి హాని లేదు, తీసి పారేయండి. ఎగువ గాల్వెస్టన్ బే, హ్యూస్టన్ ఓడల కాలువ ప్రాంతాల్లో డయాక్సిన్లు, పీసీబీలు అనే విష రసాయనాల కారణంగా రాష్ట్ర ఆరోగ్య విభాగం చేపల వాడకంపై హెచ్చరికలు ఇచ్చింది. గర్భిణులకు, చిన్నపిల్లలకు పెట్టేముందు తప్పకుండా చూసుకోండి.

పెద్ద చేపను క్షేమంగా వదిలేయడం ఎలా?

మొదట చెప్పిన తల్లి చేప సంగతి ఇదే. ఆ పెద్ద చేపకు రుచి కూడా తక్కువే, గుడ్లు మాత్రం లక్షల్లో. రబ్బరు వల వాడండి, చేప వలలోనే నీళ్లలో ఉండగా గాలం తీయండి. చేతులు తడుపుకుని పట్టుకోండి, పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి జిగురు పోతుంది. దవడ పట్టుకుని నిలువుగా వేలాడదీయవద్దు, పొట్ట కింద చెయ్యి వేసి అడ్డంగా ఎత్తండి. ఫోటో తీసేవాడు ఫోను సిద్ధం చేసుకున్నాకే చేపను పైకి లేపండి. వేసవిలో నీళ్లలో ప్రాణవాయువు తక్కువగా ఉంటుంది, అప్పుడు పోరాటం కూడా త్వరగా ముగించాలి. మూడు ముళ్ల గాలాలు తీసేసి ఒంటి ముల్లువి వేసుకుంటే సగం బాధలు తప్పుతాయి.

మొదటిసారికి గైడును పెట్టుకోవాలా?

ఖర్చు భరించగలిగితే ఒక్కసారి పెట్టుకోండి. అయితే ఫోన్ చేసినప్పుడే దిగి నడవాలనుకుంటున్నామని, బతికున్న ఎర వద్దని చెప్పండి. లేకపోతే పడవ మీద కూర్చోబెట్టి చిన్న చేపలతో డబ్బా నింపి పంపుతారు. ఆ రోజు ఎన్ని పడ్డాయన్నది వదిలేసి, ఆయన ఎక్కడ ఆగాడో, ఎందుకు ఆగాడో అడిగి రాసుకోండి. గైడు ఖర్చు వద్దనుకుంటే ఫిబ్రవరిలో ఒక ఎండకాసిన మధ్యాహ్నం, స్నేహితుణ్ని వెంటబెట్టుకుని, స్టేట్ పార్కు బే వైపు తొడలోతు దాకా వెళ్లి, కాలి కింద చిప్ప తగిలిన చోట గంటసేపు నిలబడండి.